పదిహేడు దగ్గర ఆగిపోతోంది

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో కంప్యూటరు కూడా సరిగ్గా అక్కడే ఆగింది. "పదిహేడో సాక్షిని లోపలికి పంపండి" అని కమిషన్ అధ్యక్షుడి గొంతు అంది. కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. కోడలి వేళ్ళు కీబోర్డు మీదకు వచ్చాయి. తెర నల్లబడింది. అది మంగళవారం. పదిహేడు దగ్గర అలా చావడం దానికి మూడోసారి.

ఈ వారమే మన మధ్యకు వచ్చి కూర్చున్నవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం డ్యామ్ గేట్లు ఎత్తారు. ఎత్తే ముందు మోగాల్సిన సైరన్ మోగలేదు. కింద నది ఇసుకలో ఉన్న తొమ్మిది మంది నీళ్ళలో కొట్టుకుపోయారు. తీగ తెగింది కాబట్టి మోగలేదని, ఆ తీగలు చూసుకోవాల్సిన లైన్‌మన్‌ను అప్పుడే పనిలోంచి తీసేశారు. ఇన్నాళ్ళకు అసలు సంగతి తేల్చడానికి కమిషన్ వేశారు. సాక్షులు చెప్పిన మాటల రికార్డింగులు ఒక టైపింగ్ సెంటర్ ద్వారా కోడలి దగ్గరికి వస్తాయి. ఆమె విని, దగ్గుతో సహా అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి పంపాలి. పదహారు అయిపోయాయి. మిగిలిన రెండూ శనివారానికి అందాలి. ఆ పైవారమే లైన్‌మన్ సంగతి తేలుస్తారు.

మామగారు ఆ డ్యామ్‌లోనే సైరన్ గది ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఈ మాట కోడలు టైపింగ్ సెంటరు ఆవిడకు మొదటిరోజే చెప్పింది. "నువ్వు టైపు చేస్తావు, తీర్పు చెప్పవుగా!" అని ఆవిడ కొట్టిపారేసింది. భర్త రైలు డ్రైవరు, పది రోజుల డ్యూటీ మీద ఉన్నాడు, ఈ శుక్రవారం దిగుతాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు, అత్తగారు, మామగారు, కోడలు.

ఇక గురువారంలోకి వద్దాం.

ఉదయం తొమ్మిదిన్నరకే మాస్టారు వచ్చాడు. ఒకప్పుడు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడట, ఇప్పుడు సందు చివర కంప్యూటర్లు బాగుచేస్తాడు. చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు, కళ్ళజోడుకు తాడు. ఈసారి చంకలో ఇటుకంత బరువున్న నల్లటి పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అపరాధిలా నవ్వాడు.

"అమ్మా, ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంతగా నా పరువు తీసిన మిషను ఇంకోటి లేదు."

"మీదేం తప్పు మాస్టారూ, దాని బుద్ధే అంత" అంది కోడలు. కానీ ఆమె ముఖంలో నవ్వు లేదు. కళ్ళ కింద నల్లటి చారలు ఉన్నాయి.

మాస్టారి బాధలో అర్థం ఉంది. మూడు వారాల క్రితం మొదటిసారి ఆగినప్పుడు అది నిజం జబ్బే. పెట్టె మూత తీస్తే లోపల పిచ్చుక గూడు పెట్టుకునేంత దుమ్ము. ఫ్యాను సగం తిరిగి సగం తిరగక మూలుగుతోంది. ప్రాసెసర్ మీద వేసిన పేస్టు ఎండి బెరడు కట్టింది. వేడెక్కినప్పుడు తన ప్రాణం కాపాడుకోవడానికి మిషను తనంతట తానే ఆగిపోతుందని, అది మంచి లక్షణమేనని వివరించి, బ్రష్షుతో దుమ్మంతా ఊడ్చి, కొత్త ఫ్యాను వేసి, కొత్త పేస్టు రాసి వెళ్ళాడు. పదిరోజులు గుర్రంలా పరిగెత్తింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు, అన్నీ పూర్తయ్యాయి.

పోయిన గురువారం పదిహేడు తెరిచింది. ఢమాల్. శుక్రవారం మళ్ళీ తెరిచింది. మళ్ళీ అంతే. మాస్టారు పవర్ సప్లై డబ్బా మార్చాడు, మెమరీ ముక్కలు తీసి తుడిచి మళ్ళీ గుచ్చాడు, ప్లగ్గు కూడా కొత్తది బిగించాడు. అయినా నమ్మకం చాలక శనివారం మిషన్ని తన షాపుకే మోసుకుపోయాడు. అక్కడ సోమవారం దాకా ఒక్క నిమిషం ఆపకుండా నడిపాడు. డాక్టరు ముందు రోగం దాక్కున్నట్టు అక్కడ చీమ చిటుక్కుమనలేదు. మంగళవారం ఇంటికి తెచ్చి పెట్టాడు. కోడలు పదిహేడు తెరిచింది. తర్వాత సంగతి మీకు తెలిసిందే.

నేరుగా సాక్షి మాటల దగ్గరికి దూకుదామంటే కమిషన్ వారి ప్లేయరు ఒప్పుకోదు. మొదటిసారి వినేటప్పుడు మొదటినుంచీ వినాలి. అధ్యక్షుడు నియమాలన్నీ చదివి, తేదీ చెప్పి, లాయర్ల హాజరు వేసుకునేసరికి ఏడెనిమిది నిమిషాలు. ఆ ఏడెనిమిది నిమిషాలు దాటి పదిహేడో సాక్షి ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

"బుధవారం, అంటే నిన్న, ఆగిందన్నారు కదా. ఎన్నింటికి?" అని అడిగాడు మాస్టారు, కుర్చీ లాక్కుంటూ.

"అదే తెలీదండీ. పదకొండు దాటాక పదిహేడు తెరిచి పెట్టాను, ఇంకా వినడం మొదలుపెట్టలేదు. ఇంతలో వాన చినుకులు పడుతున్నాయని డాబా మీదికి బట్టలు తీయడానికి పరిగెత్తాను. కిందికొచ్చేసరికి ఆగిపోయి ఉంది."

"ఊఁ" అన్నాడు మాస్టారు. "ఇవాళ దీని ఒళ్ళు విప్పను. దీని డైరీ చూస్తాను."

"డైరీనా?"

"ప్రతి కంప్యూటరూ లోపల ఒక డైరీ రాసుకుంటుందమ్మా. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఎవరు పడుకోబెట్టారు. మనుషుల డైరీల్లా కాదు, ఇందులో అబద్ధాలుండవు. ముందే చూడాల్సింది. దుమ్ము చూసి రోగం తెలిసిపోయిందనుకున్నాను. తొందరపాటు."

ఏవేవో కిటికీలు తెరిచి, చిన్న అక్షరాల పట్టిక ఒకటి తెర మీదికి తెచ్చాడు. కళ్ళజోడు పైకి జరిపి, వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ వెళ్ళాడు. ఆ వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఇదేమిటి?" అన్నాడు తనలో తను.

"ఏమైంది మాస్టారూ?"

"ఇటు చూడండి. మూడు వారాల క్రితంవి ఇవి. వేడి. సరే, అది మనకు తెలుసు. పోయిన గురువారం, శుక్రవారం, మొన్న మంగళవారం, ఈ మూడూ ఒక రకం. 'కరెంటు పోయింది, నాకేమీ తెలీదు' అని రాసుకుంది. కరెంటు పోయిందా మీకు ఆ మూడు రోజులూ?"

"లేదే! నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. లైటు వెలుగుతూనే ఉంది."

"సరే. ఇప్పుడు నిన్నటిది చూడండి. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు. ఇది వేడీ కాదు, కరెంటూ కాదు." మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఎవరో ఆపమన్నారు, ఇది ఆగింది. మౌసుతో, పద్ధతిగా. రోజూ పని అయ్యాక మీరు ఎలా ఆపుతారో అలా."

కోడలు ఆ వరుసనే చూస్తూ ఉండిపోయింది. పదకొండు పన్నెండు. అప్పుడు తను డాబా మీద, దండెం దగ్గర, ఒక చేత్తో దుప్పటి లాగుతూ ఉంది. ఉందా? దుప్పటి తీసిన సంగతి గుర్తుంది. మెట్లెక్కేముందు ఏం చేసిందో గుర్తు లేదు. అలవాటు చేతిది కదా, చెయ్యే ఆపేసిందేమో. తలుపు తాళం వేశామా లేదా అని సగం దూరం వెళ్ళాక సందేహపడతామే, అలాంటి సందేహం పట్టుకుంది ఆమెను.

"నేనే ఆపి మర్చిపోయానేమో మాస్టారూ" అంది నెమ్మదిగా.

"అయి ఉండొచ్చు" అన్నాడు మాస్టారు. కానీ ఆ గొంతు ఒప్పుకోలేదు.

అత్తగారు అప్పుడే రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది. పెద్దగా మాట్లాడని మనిషి. కోడలి ముఖం చూసి, "వారంగా నిద్ర లేదు దానికి. చెవుల్లో ఆ గొట్టాలు పెట్టుకుని చచ్చినవాళ్ళ గోల వింటూంటే మతి ఎక్కడుంటుంది?" అని గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఒక మిషను రెండు రకాలుగా ఎందుకు చస్తుంది? మూడుసార్లు కరెంటు లాగేసినట్టు, నాలుగోసారి బుద్ధిగా సెలవు తీసుకున్నట్టు. మొదటి మూడింటికీ కారణం ఒకటైతే నాలుగోదానికి ఏమిటి? నాలుగోది తన మతిమరుపు అయితే, మొదటివి కూడా తన భ్రమేనా? బీరకాయలో పీచులా, లాగినకొద్దీ వస్తోంది తప్ప చివర దొరకడం లేదు.

మాస్టారు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఈ గది ఒకప్పుడు సామాన్ల గది. ఇందులో ఉన్న ఒక్క ప్లగ్గు పాయింటూ ఎప్పుడో కాలిపోయింది. అందుకని కంప్యూటరు వైరు తలుపు పక్కగా హాల్లోకి వెళ్తుంది, అక్కడి స్విచ్‌బోర్డులో గుచ్చి ఉంటుంది. మాస్టారు ఆ వైరును కంటితోనే గుమ్మందాకా అనుసరించాడు. గుమ్మం అవతల హాల్లో మామగారు పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. మాస్టారు ఒక క్షణం ఆగి, వెనక్కి తిరిగి వచ్చాడు.

"అమ్మా, ఈ నల్లపెట్టె యూపీఎస్. దీన్ని మధ్యలో పెడతాను. హాల్లోంచి వచ్చే వైరు దీనికి, దీన్నుంచి మిషనుకు. కరెంటు నిజంగా పోతే మిషను ఆగదు. ఈ పెట్టె అరుస్తుంది. అప్పుడు దొంగ లోపలున్నాడా బయటున్నాడా తేలిపోతుంది." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పక్కర్లేదు. మీ పని మీరు చేసుకోండి."

బల్ల కింద పెట్టె అమర్చాడు. కోడలు కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ప్లేయరు తెరిచింది. తెర నెత్తిన అరచెయ్యంత అంకె వచ్చింది: 17. అధ్యక్షుడు నియమాలు చదవడం మొదలుపెట్టాడు. మాస్టారు గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాలుగు నిమిషాలు. అయిదు. హాల్లో పేపరు మడిచిన చప్పుడైంది. ఆరు. లాయర్లు తమ పేర్లు చెబుతున్నారు. "పదిహేడో సాక్షిని లోపలికి..."

కీయ్... కీయ్... కీయ్...

బల్ల కింద పెట్టె గొంతు చించుకుంది. నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. లైటు వెలుగుతూనే ఉంది. కోడలు రికార్డింగు ఆపి, హెడ్‌ఫోన్ లాగేసి, ఒక్క గెంతులో గుమ్మం దగ్గరికి వచ్చింది.

మామగారు కుర్చీలోంచి సగం లేచి ఉన్నారు. ఎడమచేతిలో మడిచిన పేపరు. కుడిచేతి వేలు స్విచ్ మీద. ఆ అరుపు ఎక్కడినుంచి వస్తోందో అర్థంకాక, దొంగతనం చేస్తుండగా ఎవరో దీపం వెలిగించినట్టు, వేలు తీయడం కూడా మర్చిపోయి అలాగే ఉండిపోయారు.

పెట్టె అరుస్తూనే ఉంది. చివరకు మాస్టారే వచ్చి, "అయ్యా, మీరు అనుమతిస్తే" అని మెల్లగా ఆయన వేలు పక్కకు జరిపి స్విచ్ వేశాడు. అరుపు ఆగింది. సంచీ సర్దుకున్నాడు.

"మిషనుకు ఏ జబ్బూ లేదమ్మా. నా పని అయిపోయింది. పెట్టె ఇక్కడే ఉండనివ్వండి, తర్వాత పట్టుకెళ్తాను." గుమ్మం దాటుతూ మామగారి వైపు చూడకుండానే తల వంచి నమస్కారం పెట్టాడు. పాతకాలపు మాస్టారు కదా, ఎప్పుడు క్లాసులోంచి బయటికి వెళ్ళాలో తెలుసు.

తలుపు మూసుకుంది.

"కూర్చోండి మామయ్యగారూ" అంది కోడలు. ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. ఎదురుగా ఉన్నది మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే తన చేతి కాఫీ గ్లాసు అందుకునే మనిషి. ఈ నెల రోజులుగా "ఇవాళ ఎన్నోదమ్మా?" అని ఆయన ప్రేమగా అడుగుతున్నారు, తను చెబుతోంది. ఇవాళ పన్నెండు. ఇవాళ పదమూడు. పని మీద ఆసక్తి అనుకుంది. ఆయన ఆసక్తి దేని మీదో ఇప్పుడు తెలుస్తోంది. ఆ కుర్చీలోంచి చూస్తే గుమ్మంలోంచి తెర కనపడుతుంది, అందులో అంకె కనపడుతుంది, సాక్షి రాగానే కీబోర్డు మీదకు చేరే తన వేళ్ళూ కనపడతాయి.

"ఎందుకు మామయ్యగారూ?"

ఆయన కూర్చున్నారు. పేపరు మోకాళ్ళ మీద పరిచి మడతలు సాపు చేశారు.

"మొదట్లో అది నిజంగానే ఆగిపోయేది కదమ్మా. వేడికి. ఆగినప్పుడల్లా నువ్వు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టేదానివి. అప్పుడు తట్టింది నాకు. పదిహేడు కూడా ఇలాగే ఆగిపోతే ఎంత బావుండునని. తీరా పదిహేడు వచ్చేసరికి ఆ మాస్టారు దాన్ని బాగుచేసేశాడు. అందుకే స్విచ్ తీసి, నువ్వు చూసేలోపు మళ్ళీ వేసేవాణ్ణి."

"పదిహేడులో ఏముంది?"

"పేపర్లో వేశారుగా సాక్షుల జాబితా. పేర్లు లేవు, అంకెలూ సంగతులూ మాత్రమే. పదిహేడు ఎదురుగా 'సైరన్ గదిలో ఆపరేటరు ఉన్నాడా అనే విషయం' అని ఉంది." "వాడు టీకొట్టువాడు. వాడే అయ్యుంటాడు. డ్యామ్ గేటు ఎదురుగా కొట్టు. ఆ రోజు నేను సైకిలెక్కి ఇంటికి రావడం వాడొక్కడే చూశాడు."

కోడలు గుమ్మానికి చెయ్యి ఆనించింది. "మీరు... గదిలో లేరా?"

"పన్నెండున్నరకు మీ అత్తయ్య ఫోన్ చేసింది. మూడు రోజులుగా జ్వరం తనకు. కళ్ళు తిరుగుతున్నాయంది, మధ్యలో మాట ఆగిపోయింది. పది నిమిషాల దారే కదా, చూసి వచ్చేద్దామని వచ్చాను. వచ్చేసరికి వంటింట్లో పడి ఉంది. నీళ్ళు చల్లి, డాక్టర్ని పిలిచి, మందు మింగించి... టైము చూస్తే రెండయింది. ఒంటిగంటన్నరకు నొక్కాలమ్మా సైరన్. మూడుసార్లు నొక్కాలి. రెండింటికి గేట్లు."

ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"తిరిగి వెళ్ళేసరికి నీళ్ళు వెళ్ళిపోయాయి. గదిలో ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు. రిజిస్టరు తీసి, ఒంటిగంటన్నర, నొక్కాను, మోగలేదు అని రాశాను. రాశాక, మోగకపోవడానికి కారణం ఉండాలి కదా అనిపించింది. బోర్డు వెనక ఉన్న తీగ పట్టుకుని లాగేశాను."

వంటింట్లో కుక్కరు కూతపెట్టింది.

లైన్‌మన్ వాంగ్మూలం కోడలే టైపు చేసింది. తొమ్మిదో ఫైలు. "అంతకుముందు రోజే పరీక్షించాను సార్, నా బిడ్డల మీద ఒట్టు" అని, ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదతను. రూలు ప్రకారం ఆమె అక్కడ 'మౌనం' అని టైపు చేసింది. ఎంతసేపో కూడా వేసింది. నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లూ ఇప్పుడు హాల్లో ఆమెకూ మామగారికీ మధ్య నిలబడ్డాయి.

"నాలుగేళ్ళు, మామయ్యగారూ" అంది.

"తెలుసు."

"మూడుసార్లు ఆపారు. నాలుగోసారి మౌసుతో ఎందుకు ఆపారు? నేనే పిచ్చిదాన్ని అయిపోయాననుకున్నాను."

మామగారు తలెత్తారు. ఆ ముఖంలో అపరాధం పోయి అయోమయం వచ్చింది.

"నాలుగోసారా? ఎప్పుడు?"

"నిన్న. పదకొండు పన్నెండుకు."

"నిన్న నేను ఇంట్లో ఎక్కడున్నానమ్మా? పదింటికే కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. చుక్కలేసి కూర్చోబెట్టారు, ఒంటిగంటకు కదా వచ్చాను! చీటీ చూడు, టైము వేసి ఉంటుంది." జేబులు తడుముకుని మడతలు పడ్డ చీటీ తీశారు. "అయినా నాకు మౌసు పట్టుకోవడం ఏం తెలుసు? స్విచ్ ఒక్కటే తెలుసు."

చీటీ మీద టైము ఉంది. పదిన్నర.

కోడలు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. తను డాబా మీద. ఈయన కళ్ళాసుపత్రిలో. భర్త రైలింజన్లో. ఇంట్లో మిగిలింది...

"అతను కాదు, టీకొట్టువాడు కాదు" అని వంటింటి గుమ్మంలోంచి వినపడింది.

అత్తగారు పమిటకు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు. ఆవిడ చూపు మామగారి మీద లేదు, నేల మీద ఉంది.

"ఆ పదిహేడోది నేను."

మామగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. "ఏమిటే నువ్వనేది?"

"రెండు నెలల క్రితం అక్కయ్యగారింటికి వెళ్ళొస్తానని రెండు రోజులు వెళ్ళానా? అక్కయ్య దగ్గరికి కాదు. కమిషన్ ముందుకు. ఆపరేటరు భార్యగా రమ్మని కాగితం వచ్చింది. మీరు చూడకుండా తీసి దాచాను."

మామగారి పెదవులు కదిలాయి. "చెప్పేశావా? నేను ఇంటికి వచ్చానని... చెప్పేశావా?"

"లేదు" అంది అత్తగారు. ఇప్పుడు తలెత్తి ఆయన్ని చూసింది. "అబద్ధం చెప్పాను. ఒంటిగంటకు మీకు క్యారేజీ పట్టుకుని సైరన్ గదికి వచ్చానన్నాను. నా కళ్ళముందే మీరు బటన్ నొక్కారన్నాను. మూడుసార్లూ నొక్కారు, మోగలేదు అన్నాను. ప్రమాణం చేసి మరీ చెప్పాను. నా కోసం పరిగెత్తుకొచ్చిన మనిషిని నేనెట్లా అప్పగిస్తానండీ?"

మామగారు ఏడ్చారో నవ్వారో కోడలికి తెలియలేదు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఏ గొంతు వినపడకూడదని ఇన్ని రోజులూ కరెంటు తీసేస్తూ కూర్చున్నారో ఆ గొంతు ఆయన్ని కాపాడుతోంది. ఆయనే నోరు తెరిచి, కాపాడే దారిని తన చేత్తోనే మూసుకున్నారు. ఒక్క అరగంట ముందు వరకూ కోడలికి ఏమీ తెలీదు. పదిహేడు విని, అత్తగారి గొంతు గుర్తుపట్టి, ఆశ్చర్యపడి, నిజమే చెప్పిందనుకుని టైపు చేసి ఉండేది. ఇప్పుడు?

ఇప్పుడు అది అబద్ధమని తెలుసు. ఆ అబద్ధం మీద లైన్‌మన్ మెడ ఉందని తెలుసు. విన్నది విన్నట్టు టైపు చేస్తానని సంతకం పెట్టింది. విన్నది నిజం కాదని తెలిస్తే ఏం చెయ్యాలో ఆ కాగితంలో ఎక్కడా రాయలేదు.

"అత్తయ్యా, మరి నిన్న ఎందుకు ఆపారు? మామయ్యగారికి మేలు చేసే మాటలే కదా అవి. నేను వింటే ఏం?"

అత్తగారి చూపు లోపలి గదిలోని బల్ల వైపు పోయింది.

కోడలికి అప్పుడు తట్టింది ఇంకో సంగతి. టీవీ రిమోటులో శబ్దం తగ్గించడానికి కూడా "అమ్మాయ్!" అని పిలిచే మనిషి. చేతిఫోన్లో పచ్చబటన్, ఎర్రబటన్ తప్ప మరోటి ఎరగని మనిషి. తెర మీద ఏ మూల ఏముందో, దేని మీద నొక్కితే ఏది తెరుచుకుంటుందో, ఆ చిన్న గుర్తుల్లో ఆపేది ఏదో...

"మీకు మౌసుతో ఆపడం ఎలా తెలుసు అత్తయ్యా? ఎవరు చెప్పారు?"

లోపలి గదిలో, కీబోర్డు పక్కన ఫోన్ మోగింది. తలుపులోంచి దాని వెలుగు కనపడుతోంది. భర్త దగ్గరినుంచి. ఏదో స్టేషన్లో బండి ఆగి ఉంటుంది. పదిహేడో అంకె వచ్చినప్పటినుంచీ రోజూ ఇదే వేళకు చేస్తున్నాడు. తిన్నావా అని అడుగుతాడు, పడుకున్నావా అని అడుగుతాడు, ఆఖర్న, పెట్టేసేముందు, ఏదో గుర్తొచ్చినట్టు, "పని ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాడు.

కోడలు కదలబోయింది. అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది.

"వాణ్ణేమీ అనకమ్మా. నా గొంతు గుర్తుపడితే నిలదీస్తావని, తను వచ్చి నచ్చజెప్పేదాకా నువ్వు వినకుండా చూడమన్నాడు. నిన్న నువ్వు డాబా ఎక్కగానే నేనే వాడికి ఫోన్ చేశాను. ఎడమపక్క కింద మూల అన్నాడు, ఇక్కడ నొక్కు అన్నాడు, అక్కడ నొక్కు అన్నాడు, నొక్కాను." ఫోన్ మోగుతూనే ఉంది. "కమిషన్ ముందుకు నన్ను తీసుకెళ్ళింది వాడే. ఏం చెప్పాలో రాసిచ్చి, మాటామాటా బట్టీ పట్టించింది కూడా వాడే."